పెదవాల్తేరు పాత ఇంటికి కొత్త నీటి పైపులు: పని డైరీ

ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంది. కింద ఒక వాటా, మీద ఒక వాటా, 1991 నాటి కట్టుబడి. పైపులన్నీ జీఐవి (జింకు పూత వేసిన ఇనుము), గోడల లోపల ఉన్నాయి. డాబా మీద 1000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, వాకిట్లో సంపు. ఇబ్బందులు మూడు: పై వాటా స్నానాల గదిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి, ఉదయం మొదటి బకెట్టు ఎర్రగా ఉంటోంది, అత్తయ్య ఉండే కింది గదికి మురుగు వాసన కొడుతోంది. ప్లంబర్ మేస్త్రి, ఆయన సహాయకుడు, నేను కలిసి పని చేశాం. గోడలు పూడ్చడానికి తాపీ మేస్త్రి వేరుగా వచ్చారు.

ఇలాంటి ఇల్లు ఉన్నవాళ్లు ఇక్కడి కొలతలను తమ ఇంటి కొలతలతో పోల్చుకోవచ్చు. ధరలు మాత్రం నేను కట్టినవి. మీ దుకాణంలో ఒకసారి అడిగి చూసుకోండి.

మొదటి దశ: గోడ ముట్టుకోకముందు

చూసినవాళ్లందరూ ప్రెషర్ పంపు పెట్టించమన్నారు. పంపు కొనేముందు ఒక్క సంగతి తేలాలి. ఒత్తిడే తక్కువగా ఉందా, లేక ఒత్తిడి ఉన్నా పైపు నీటిని వదలడం లేదా? కుళాయి దగ్గర రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ వాటికి చేయాల్సిన పనులు పూర్తిగా వేరు. పైపు పూడుకుపోయిన ఇంటికి పంపు పెడితే, ఇన్నేళ్లూ తక్కువ ఒత్తిడి మీద నెట్టుకొచ్చిన జాయింట్లు గోడలోపల విచ్చుకుంటాయి.

అందుకని అర ఇంచి మరతో ఉన్న ప్రెషర్ గేజి కొన్నాం.

1. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, కింది వంటింటి కుళాయి విప్పి ఆ చోట గేజి బిగించాం. చదరపు సెంటీమీటరుకు 0.6 కేజీలు చూపించింది.
2. అదే వరుసలో ఉన్న స్నానాల గది కుళాయిని పూర్తిగా తిప్పాం. ముల్లు 0.15కి పడిపోయింది.
3. గేజి తీసేసి, 15 లీటర్ల బకెట్టు పెట్టి ఫోనులో సమయం చూశాం. కింది వంటింట్లో నిండడానికి 150 సెకన్లు, అంటే నిమిషానికి 6 లీటర్లు. పై స్నానాల గదిలో 250 సెకన్లు, అంటే నిమిషానికి 3.6 లీటర్లు.

పది మీటర్ల ఎత్తున నీరు నిలబడితే అడుగున దాదాపు 1 కేజీ ఒత్తిడి ఉంటుంది. ట్యాంకులో నీటి మట్టం నుంచి వంటింటి కుళాయి వరకు టేపుతో కొలిస్తే 6.5 మీటర్లు వచ్చింది. రావలసిన ఒత్తిడి 0.65, వచ్చినది 0.6. అంటే నీరు కదలనప్పుడు ఒత్తిడికి లోటు లేదు. కదలడం మొదలుపెట్టగానే ముప్పావు వంతు ఒత్తిడి దారిలోనే ఖర్చయిపోతోంది. జబ్బు పైపుది, ఎత్తుది కాదు. ఈ రెండు రీడింగుల కోసం పెట్టిన ఖర్చు పంపు ధర ముందు లెక్కలోకి రాదు.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో చూడటానికి మూడు గాజు సీసాలు తీసుకున్నాం. సంపులోకి వచ్చే మున్సిపల్ నీరు ఒకదానిలో, ట్యాంకు నీరు ఒకదానిలో, ఉదయం మొదటిసారి తిప్పిన కుళాయి నీరు మూడో దానిలో పట్టాం. మొదటి రెండూ తేటగా ఉన్నాయి. మూడో సీసా అడుగున గంటలో ఇటుక రంగు మడ్డి పేరుకుంది. విశాఖకు రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, ఏలేరు కాలువ ఇలా చాలా చోట్ల నుంచి నీరు వస్తుంది. నీరు ఎర్రబడితే ముందు తప్పు అటే తోసేస్తాం. మా ఇంట్లో తుప్పు ట్యాంకు దాటాకే పుడుతోంది.

కారుతున్న ఒక కుళాయి కింద గంటసేపు చెంబు పెడితే 350 మి.లీ. వచ్చింది. రోజుకు 8.4 లీటర్లు. వాషరు మారిస్తే ఆగిపోయే నష్టం ఇది.

ఖర్చు: గేజి 480, దానికి కావలసిన నిపుల్, రెడ్యూసర్ 140.
ఇప్పటివరకు మొత్తం: రూ. 620

రెండో దశ: పాత పైపు బయటికి

పై స్నానాల గది గోడలో ఎల్బో (మలుపు ముక్క) దగ్గర మొదటి ముక్క కోశాం. అర ఇంచి జీఐ పైపు లోపలి వ్యాసం కొత్తలో సుమారు 16 మి.మీ. ఉంటుంది. ఈ ముక్కలో నా చిటికెన వేలు దూరలేదు. లోపలి గోడంతా ముదురు గోధుమ రంగు గడ్డలు, ఒకదాని మీద ఒకటి. గోరుతో గీరితే పైపొర పొడిపొడిగా రాలింది, కింద నల్లటి గట్టి పెచ్చు. మధ్యలో మిగిలిన దారి వంకరగా, అత్యంత సన్నని చోట 9 మి.మీ. ఉంది. పైపు పొడవునా ఇంత చెడ్డగా లేదు. తిన్నగా ఉన్న ముక్కల్లో 12, 13 ఉంది. ఎల్బోలు, టీల (మూడు దారులు కలిసే ముక్కల) దగ్గర, ముఖ్యంగా ఇత్తడి వాల్వు బిగించిన మరల పక్కన ఇనుము బాగా తినేసి ఉంది. ఇత్తడి, ఇనుము తడిలో ఒకదానికొకటి ఆనుకుంటే ముందు కరిగేది ఇనుమే.

వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహం సగం కాదు, సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. 16 నుంచి 9కి తగ్గిన చోట నాలుగో వంతు నీరు కూడా వెళ్లదు. ఇదే లెక్కతో ట్యాంకు స్టాండు ఎత్తు పెంచే ఆలోచన కూడా మానుకున్నాం. స్టాండు మరో మీటరు లేపితే పై వాటా కుళాయికి ప్రవాహం ఏడో వంతే పెరుగుతుంది. తుఫాను గాలికి మాత్రం ట్యాంకు మరో మీటరు ఎత్తున నిలబడాలి. ఈ ఊళ్లో ఆ బేరం వద్దనిపించింది.

పైపు కోసం గోడలో గాడి కొట్టేటప్పుడు మేం పెట్టుకున్న కట్టుబాట్లు:

1. పిల్లర్లనూ బీములనూ ఉలితో ముట్టుకోకూడదు. పైపు అక్కడికి వస్తే చుట్టూ తిప్పుకోవాలి.
2. నాలుగున్నర ఇంచీల గోడలో అడ్డంగా పొడవాటి గాడి వద్దు. నిలువుగా దింపాలి.
3. స్విచ్చి బోర్డు ఉన్న గోడ మీద సుత్తి పడేముందు మెయిన్ కట్టేయాలి.
4. గాడి లోతు 40 మి.మీ. పైపు మీద కనీసం 15 మి.మీ. పూత నిలవాలి.

డాబా నుంచి కిందికి దిగే పెద్ద పైపును గోడలో దాచకుండా వెనక సందులో బయటి గోడకు బిగించాలని నిర్ణయించాం. చూడటానికి అంత బాగుండదని ఇంట్లో కొంత చర్చ జరిగింది. బయట ఉన్న పైపు కారితే కనిపిస్తుంది, ఒక పూటలో మార్చుకోవచ్చు. అత్తయ్య కూడా ఆ మాటకే ఓటేశారు.

ఖర్చు: పగలగొట్టే కూలి 5,600, శిథిలాల తరలింపు 1,200. పాత ఇనుము 64 కేజీలు, కేజీ 30 చొప్పున 1,920 తిరిగొచ్చింది. నికరం 4,880.
ఇప్పటివరకు మొత్తం: రూ. 5,500

మూడో దశ: ఇంచి అంటే ఎంత?

కొత్త పైపు సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్), ఎస్‌డీఆర్ 11 రకం (బయటి వ్యాసం పైపు మందానికి 11 రెట్లు), మీద ఐఎస్ 15778 ముద్ర (ఈ పైపుల భారత ప్రమాణం) ఉన్నది. డాబా నుంచి దిగే ప్రధాన పైపు ఒక ఇంచి. గదుల్లోకి వెళ్లేవి ముప్పావు ఇంచి. అర ఇంచి కుళాయి మూతి దగ్గర తప్ప ఎక్కడా లేదు. పాత ఇంట్లో గదుల పైపులన్నీ అర ఇంచే ఉండేవి. కొత్తగా కట్టుకునేవాళ్లు కూడా ఆ పొదుపుకు పోవద్దని నా గట్టి అభిప్రాయం. గోడ ఒక్కసారి మూశాక సైజు పెంచడానికి వీలుండదు.

దుకాణంలో చాలామంది చిక్కుకునే చోటు ఒకటుంది. ఒక ఇంచి సీపీవీసీ పైపు బయటి వ్యాసం 28.6 మి.మీ. ఒక ఇంచి యూపీవీసీ (చన్నీళ్లకే వాడే ప్లాస్టిక్) పైపు బయటి వ్యాసం 33.4 మి.మీ. పేరు ఒకటే, లావు వేరు. ముప్పావులోనూ అంతే, సీపీవీసీ 22.2, యూపీవీసీ 26.7. ట్యాంకు దగ్గర పాత యూపీవీసీ ముక్క మిగిలి ఉంది. దానికి సీపీవీసీని నేరుగా అంటించడం కుదరదు. వదులుగా ఉన్న చోట గమ్ము ఎక్కువ పూసి సరిపెట్టే పద్ధతి కొందరికి ఉంది. అది కొన్నాళ్లకు ఊడుతుంది. ఒకవైపు మగ మర, ఇంకోవైపు ఆడ మర ఉన్న ఎడాప్టర్లతో కలిపి, మధ్యలో యూనియన్ వేశాం. రేపు ట్యాంకు మార్చినా అక్కడ విప్పితే చాలు.

గమ్ము కూడా వేరు. సీపీవీసీకి దాని సొంత గమ్మే వాడాలి, మేం కొన్నది పసుపు రంగుది. డబ్బా మూత తీసి కదిపితే నూనెలా జారాలి. జిగురు ముద్దలా సాగుతుంటే పారేయాలి, పలచన చేయకూడదు.

జాయింటు అంటించే వరుస:

1. పైపును కచ్చితంగా అడ్డంగా కోసి, అంచు లోపలా బయటా గీకి నునుపు చేయాలి.
2. సాకెట్ లోతు కొలిచి పైపు మీద మార్కరుతో గీత గీయాలి. ముప్పావు ఇంచికి సుమారు 18 మి.మీ., ఇంచికి సుమారు 23.
3. పొడి గుడ్డతో తుడవాలి. తడి చుక్క కూడా ఉండకూడదు.
4. పైపుకు నిండుగా, సాకెట్‌కు పలచగా పూయాలి.
5. పావు వంతు తిప్పుతూ గీత వరకు నెట్టి, 30 సెకన్లు గట్టిగా పట్టుకోవాలి.
6. 24 గంటలు నీరు వదలకూడదు.

వేడినీళ్ల పైపుకు ఇంకో లెక్క ఉంది. సీపీవీసీ వేడికి సాగుతుంది. 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 27 మి.మీ. పెరుగుతుంది. మా గీజరు పైపు 4 మీటర్లే కనుక 11 మి.మీ. వస్తుంది. రెండు కొసలూ సిమెంటులో బిగించేస్తే ఆ సాగుబాటు ఎల్బో మీద పడుతుంది. అందుకని మలుపుల దగ్గర గాడి వెడల్పు చేసి, పైపు చుట్టూ ఫోమ్ చుట్టి వదిలాం.

ఖర్చు: ఇంచి పైపులు 9, ఒక్కొక్కటి 640 చొప్పున 5,760. ముప్పావు పైపులు 14, ఒక్కొక్కటి 410 చొప్పున 5,740. ఫిట్టింగులు, వాల్వులు 9,350. గమ్ము 850. ప్లంబర్ కూలి 14,000. ఈ దశకు 35,700.
ఇప్పటివరకు మొత్తం: రూ. 41,200

నాలుగో దశ: గోడ మూయకముందు ఒత్తిడి పరీక్ష

ఈ డైరీలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

చేతి పంపు అద్దెకు తెచ్చాం. కుళాయి మూతులన్నిటికీ ప్లగ్గులు బిగించి, పైపులు నింపి, 7 కేజీల వరకు ఒత్తిడి ఎక్కించాం.

"అమ్మా, ఇంట్లో ఉండేది ముప్పాతిక కేజీ కూడా కాదు కదా, ఏడు దేనికి?" అని మేస్త్రి అడిగారు. చన్నీళ్ల దగ్గర ఈ పైపు 28 కేజీలకు తయారైనది కనుక ఏడు దానికి భారం కాదు. సన్నని లోపం తక్కువ ఒత్తిడి మీద గంటలో బయటపడదు. పూత వేశాక ఏ మూడో ఏటో గోడ మీద తడి మచ్చై కనిపిస్తుంది. ఆ మాటే చెప్పాను. ఆయన తల ఊపి పంపు అందుకున్నారు.

గాలితో పరీక్ష చేయడం సులభమని కొందరు కంప్రెసర్ తెస్తారు. ప్లాస్టిక్ పైపుకు అది ప్రమాదం. నీరు నొక్కుకోదు కనుక పైపు పగిలినా ఒత్తిడి వెంటనే పోతుంది. నొక్కుకున్న గాలి మాత్రం పైపు ముక్కలను విసిరికొడుతుంది.

*మొదటి పరీక్ష.* 7.0తో మొదలుపెడితే 20 నిమిషాల్లో 6.2కి దిగింది. ఎక్కడా తడి లేదు. పై షవర్ మూతి అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది. దాని ప్లగ్గు వదులు చేస్తే బుస్సుమని గాలి వచ్చింది. గాలి మిగిలి ఉంటే గేజి చెప్పేది నమ్మడానికి లేదు. నీరు ధారగా వచ్చేవరకు పంపు కొట్టి, ప్లగ్గు బిగించి మళ్లీ 7.0కి తెచ్చాం. ఒత్తిడికి పైపు కొద్దిగా సాగుతుంది కనుక మొదటి పది నిమిషాల్లో ముల్లు కాస్త దిగడం మామూలే. తిరిగి నింపి, అప్పటి నుంచి గంట లెక్కపెట్టాం. గంట తర్వాత 6.3. అంటే లోపం నిజంగానే ఉంది.

వాటాకో వాల్వు పెట్టించడం ఇక్కడ పనికొచ్చింది. పై వాటా వాల్వు కట్టేస్తే కింది వాటా 7.0 దగ్గర కదలకుండా నిలబడింది. వెతకాల్సింది సగానికి తగ్గింది. వార్తాపత్రికను రిబ్బన్లుగా చింపి పై వాటాలో ప్రతి జాయింటుకూ ఒక చుట్టు చుట్టాం. కంటికి కనపడని తడిని పొడి కాగితం పట్టేస్తుంది. అరగంటకు షవర్ కింది ఎల్బో దగ్గర కాగితం అంచు ముదురు రంగుకు తిరిగింది.

ఆ ఎల్బో మీద మార్కరు గీత సాకెట్‌కు 5 మి.మీ. బయట ఉంది. సాకెట్ లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది కనుక, అంటించిన వెంటనే చేయి వదిలితే పైపు దానంతటదే కొంచెం వెనక్కి జరుగుతుంది. 30 సెకన్లు పట్టుకోవాలనేది అందుకే. గీత లేకపోతే ఇది ఎవరికీ తెలిసేది కాదు. ఎల్బో కోసేసి, కొత్త ఎల్బో, ఒక కప్లర్ (రెండు పైపులను కలిపే ముక్క) వేసి, 24 గంటలు వదిలాం.

*రెండో పరీక్ష.* ఈసారి చుక్క కంటికే కనిపించింది. వాషింగ్ మెషీన్ కోసం వదిలిన మూతిలో ఆడ మర ఉత్త ప్లాస్టిక్‌ది. దానిలో ప్లగ్గును పైపు రెంచితో బిగించేసరికి అంచున వెంట్రుకవాసి పగులు వచ్చింది. ప్లాస్టిక్ మరకు చేత్తో బిగించి, ఆపైన ఒకటి రెండు చుట్లు చాలు. రెంచి బలం ఇనుముకు అలవాటైన చేతులది. కుళాయి, యాంగిల్ కాక్ బిగించే మూతులన్నీ లోపల ఇత్తడి మర ఉన్నవే ఉండాలని అప్పుడే తేల్చుకుని, మిగిలి ఉన్న ప్లాస్టిక్ మర ఎల్బోలన్నీ మార్చేశాం. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిశలోనే చుట్టాలి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడు పోగుపడి బయటికి వచ్చేస్తుంది.

*మూడో పరీక్ష.* 7.0 నుంచి గంటకు 6.9. కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి. ఒప్పుకున్నాం.

పూడ్చేముందు ప్రతి గోడకూ ఫోటో తీశాం, గోడ మూల నుంచి, నేల నుంచి టేపు ఆనించి అంకెలు కనిపించేలా. పైపుల పటం ఒకటి గీసి మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించాం. ఎప్పుడో ఎవరో అద్దం తగిలించడానికి డ్రిల్లు తెస్తారు, అప్పుడు కావాలి. గాడి మీద చికెన్ మెష్ కొట్టి పూత వేయించాం. లేకపోతే గాడి అంచు వెంట గీత పడుతుంది.

ఖర్చు: మార్చిన ఫిట్టింగులు 640, పంపు అద్దె 600. మెష్, సిమెంటు, తాపీ కూలి 8,230. ఈ దశకు 9,470.
ఇప్పటివరకు మొత్తం: రూ. 50,670

ఐదో దశ: డాబా మీద

నీరు వదిలాక కింది వాటా బ్రహ్మాండంగా ఉంది. పై స్నానాల గది కుళాయి మాత్రం దగ్గుతూ, ఆగి ఆగి వచ్చింది. బకెట్టు నిండడానికి 140 సెకన్లు. పాతదానికన్నా మెరుగే కానీ లెక్కకు అందడం లేదు.

కారణం డాబా మీదే ఉంది. పైపు ఒక చోట పైకి లేచిన బీమును దాటడానికి 120 మి.మీ. ఎక్కి దిగుతోంది. ఆ గూనులో గాలి చేరుతుంది. తక్కువ ఒత్తిడి గల నీరు దాన్ని నెట్టలేదు. రెండు మార్పులు చేశాం. పైపును బీము చుట్టూ తిప్పి ట్యాంకు నుంచి దిగేవరకు ఒకే వాలు ఉండేలా వేశాం. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు దాటగానే ఒక టీ వేసి, ముప్పావు ఇంచి గాలి గొట్టాన్ని ట్యాంకులో నీటి గరిష్ఠ మట్టం కన్నా 300 మి.మీ. పైకి తీసుకెళ్లాం. కొస కిందికి వంచి దోమల జాలీ కట్టాం. అదే బకెట్టు ఇప్పుడు 75 సెకన్లలో నిండుతోంది, నిమిషానికి 12 లీటర్లు.

ఎండ తగిలే సీపీవీసీకి రంగు వేయాలి, అదీ నీళ్లలో కలిసే ఎక్రిలిక్ రంగే. నూనె రంగులోని థిన్నర్ పైపును దెబ్బతీస్తుంది. క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువి కొన్నాం. సముద్రపు గాలికి పాత ఇనప క్లాంపులు వేలితో నలిపితే పొరలు పొరలుగా ఊడిపోయాయి.

ఇక ట్యాంకు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు డాబాల మీది ఖాళీ ట్యాంకులు ఎగిరి పడటం ఊరంతా చూసింది. 1000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు, ఖాళీగా ఉంటే ఇద్దరు మోసేది. స్టాండు పైభాగం రెండు బీములుగా కాకుండా పూర్తి పలకగా ఉండేలా సరిచేయించి, స్టీలు తాడుతో నాలుగు మూలలా టర్న్‌బకిల్స్ (తాడును బిగించే మరలు) వేసి కట్టాం. తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి వాల్వు కట్టేయాలని పటం పక్కనే రాసి పెట్టాం. ట్యాంకు కదలదు, ఆ తర్వాత కరెంటు లేని రోజులకు నీళ్లూ ఉంటాయి. హుద్‌హుద్ తర్వాత చాలా వీధులకు కరెంటు రోజుల తరబడి రాలేదు, మోటార్లు ఆడలేదు.

ఖర్చు: 3,860.
ఇప్పటివరకు మొత్తం: రూ. 54,530

ఆరో దశ: మురుగు వాసన

కింది స్నానాల గది నుంచి బయటి ఛాంబరు (మురుగు తొట్టి) వరకు పైపు 3.2 మీటర్లు. నీళ్ల ట్యూబుతో లెవెల్ పట్టి చూస్తే రెండు కొసల మధ్య వాలు 30 మి.మీ. మాత్రమే. మీటరుకు 25 మి.మీ. చొప్పున 80 ఉండాలి. వాలు చాలకపోతే నీరు పోతుంది, సబ్బు మడ్డి, వెంట్రుకలు ఉండిపోతాయి. గదిలో నేల ఎత్తలేం కనుక ఛాంబరు వైపు రంధ్రాన్ని 50 మి.మీ. కిందికి దించి కొత్త పైపు వేశాం.

వాలు సరిచేసినా వాసన పూర్తిగా పోలేదు. నేల ట్రాపులో (నీళ్లు దిగే జాలీ కింద నీరు నిలిచే వంపులో) నిలిచే నీటి లోతు 25 మి.మీ. లోపే ఉంది. ఆ నీరే వాసనకు అడ్డుగోడ. 50 మి.మీ. లోతు నిలిచే ట్రాపు వేశాం. అయినా పై వాటా వాళ్లు ఫ్లష్ చేసినప్పుడల్లా ట్రాపులో గుడగుడమని చప్పుడు, నీరు కొంచెం లాక్కుపోవడం. డాబా మీద మురుగు పైపు కొస చూస్తే, ఎప్పుడో వానకు భయపడి దాని మూతిని సిమెంటుతో పూడ్చేసి ఉంది. పైపుకు పైనుంచి గాలి అందకపోతే, కిందికి దూకే నీరు ట్రాపుల్లోని నీటిని పీల్చుకుపోతుంది. సిమెంటు పగలగొట్టి జాలీ టోపీ పెట్టాం. చప్పుడు ఆగింది. వాసన ఆ రోజుతో సరి.

వాడని బాత్‌రూమ్ ఉంటే వారానికోసారి ట్రాపులో ఒక చెంబు నీళ్లు పోయండి. ఎండాకాలంలో ఆ అడ్డుగోడ ఆవిరైపోతుంది.

ఖర్చు: పైపు, ట్రాపు, ఛాంబరు మరమ్మతు, కూలితో 7,900.
ఇప్పటివరకు మొత్తం: రూ. 62,430

ఏడో దశ: సంపు, ట్యాంకు శుభ్రం

మున్సిపల్ పైపు కొస సంపు నీటిలో మునిగి ఉండేది. సరఫరా ఆగి ఆ పైపు ఖాళీ అయితే సంపు నీరు వెనక్కి పోతుంది. కొసను పైకి లేపి, ఫ్లోట్ వాల్వు బిగించి, సంపు నిండినా దానికీ నీటి మట్టానికీ మధ్య జాగా మిగిలేలా చేశాం. సంపు మూత అంచును నేల మీద 150 మి.మీ. ఎత్తు కట్టించాం, వాన నీరు లోపలికి జారకుండా.

మున్సిపల్ లైనుకు నేరుగా మోటారు బిగించి లాగడం గురించి ఒక మాట. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. వీధిలో పైపు కాలువను దాటే చోట చిన్న చిల్లు ఉన్నా చాలు, కాలువ నీరు లోపలికి వచ్చేస్తుంది. ఆ నీటిని లాగిన ఇల్లే కాదు, వీధంతా తాగుతుంది. దయచేసి ఆ పని చేయకండి. సంపులోకి వచ్చినంత రానిచ్చి, అక్కడి నుంచి ఎక్కించుకోండి.

ట్యాంకు శుభ్రానికి:

1. ఖాళీ చేసి, గోడలు బ్రష్‌తో రుద్ది, మడ్డి అడుగు వాల్వు నుంచి వదిలేయాలి.
2. 1000 లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్. క్లోరిన్ 25 శాతం ఉండే పౌడరైతే లీటరుకు 50 మి.గ్రా. అవుతుంది. పౌడరును ముందు బకెట్టులో కలిపి, తేరిన నీటినే పోయాలి.
3. ప్రతి కుళాయి వాసన వచ్చేవరకు తిప్పి కట్టేసి, రాత్రంతా ఉంచాలి.
4. ఉదయం మొత్తం వదిలేసి, మంచినీటితో నింపి మళ్లీ వదలాలి. అప్పటివరకు తాగడానికీ వంటకూ వాడకూడదు.

ఖర్చు: 1,640.
ఇప్పటివరకు మొత్తం: రూ. 64,070

ఇప్పటి కొలతలు, మిగిలిన పని

కింది వంటింట్లో 15 లీటర్లు 58 సెకన్లలో నిండుతున్నాయి, నిమిషానికి 15.5 లీటర్లు. పై స్నానాల గదిలో 75 సెకన్లు. గేజి కదలని నీటిలో 0.65, పక్క కుళాయి తిప్పితే 0.5. మొదట్లో ఇదే పరీక్షకు 0.15 వచ్చింది. ఉదయం మొదటి సీసా తేటగా ఉంది. ప్రెషర్ పంపు కొనలేదు.

పై షవర్ ఇంకా నాకు నచ్చినట్టు లేదు, నిమిషానికి 6 లీటర్లే. దానికి ట్యాంకు అడుగు నుంచి ఉన్న ఎత్తు 1.8 మీటర్లు, అది పైపు మారిస్తే పెరిగేది కాదు. తక్కువ ఒత్తిడికి తగిన పెద్ద రంధ్రాల షవర్ ఒకటి తెప్పించి చూడాలి. పెరటి కుళాయికి వెళ్లే చివరి 4 మీటర్ల జీఐ పైపు మిగిలి ఉంది. దాన్ని వాల్వుతో వేరు చేసి ఉంచాం, కనుక అక్కడి తుప్పు ఇంట్లోకి రాదు. వానలు తగ్గాక అదీ మారుస్తాం. అప్పటికి ఇంచి పైపు ఒక ముక్క, ముప్పావు ముక్కలు రెండు మిగిలే ఉన్నాయి, కొత్తవి కొననక్కర్లేదు.